తెరకు అవతలి పక్క

సుదర్శనం మైకును గోరుతో మూడుసార్లు తట్టాడు. హలో అనడు, వన్ టూ త్రీ అనడు. కొండ మీద మైకు సెక్షన్లో చేరి ముప్ఫై రెండేళ్ళయినా తన గొంతును ఒక్కసారి కూడా హారన్లలోకి పోనివ్వని మనిషి. తట్టి, కిటికీ రెక్క తీసి, తల బయటపెట్టి వింటాడు. పక్కనున్న హారను ముందు పలుకుతుంది, కల్యాణకట్ట వైపుది ఆ వెనక, బస్టాండు వైపుది అన్నింటికన్నా బద్ధకంగా. మూడూ పలికితే ఆ రోజుకి సగం ఉద్యోగం అయిపోయినట్టే. ఏదైనా పలకకపోతే నిచ్చెన భుజాన వేసుకుని మంచులో బయలుదేరాలి.

ఆ శనివారం మూడూ పలికాయి. అయినా అతను తల లోపలికి తీసుకోలేదు. సన్నటి మెడ, నుదుట వంకరగా పడిన తిరుమణి, చెవుల మీద తెల్లగా మొలిచిన వెంట్రుకలు, చొక్కా జేబులో టెస్టరు. యాభై ఎనిమిదేళ్ళ ఆ మనిషిని కింద నుంచి ఎవరైనా చూస్తే పాపం కిటికీలో ఇరుక్కుపోయాడనుకునేవాళ్ళు. అతను మాత్రం మధ్యాహ్నం మూడు గంటల గురించి ఆలోచిస్తున్నాడు.

శనివారం మూడు గంటలకు ఇంట్లో అక్కకు సినిమా. పదకొండేళ్ళుగా తప్పని మ్యాట్నీ అది. మొన్న మాఘంలో ఆయాసం ఎక్కువై అక్కను నాలుగు రోజులు ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఒక్క శనివారం పోయింది, అంతే. ఇప్పుడు ఆ ఆట ఇంక ఉంటుందో ఉండదో తెలియకుండా పోయింది. నిన్న సాయంత్రం అక్క "ఇంక చాల్లేరా సినిమాలు" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

అక్క పెరుందేవి అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి సుదర్శనానికి మూడేళ్ళు. ఆ తరువాత అతనికి అమ్మ అంటే అక్క చంకే. ఆమెను గూడూరులో ఇచ్చారు. నాలుగేళ్ళకే బావ పోతే తిరుపతికి తిరిగొచ్చి, బడిలో కుట్టు టీచరుగా చేరింది. తమ్ముడికి సంబంధాలు చూసింది. ఒకటీ కుదరలేదు. తరువాత ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు. ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఉన్న ఒకే ఒక్క వ్యసనం సినిమా. శనివారం ఒంటిపూట బడి, మధ్యాహ్నం మ్యాట్నీ, వచ్చేటప్పుడు దారిలో మల్లెపూల బదులు మసాలా వేరుశనక్కాయలు.

నలభై ఏడో ఏట నీటికాసులు వచ్చి ఆమె చూపు మొత్తం తీసుకుపోయాయి. ఆ తరువాత కూడా ఒకసారి సుదర్శనం ఆమెను హాలుకు తీసుకెళ్ళాడు. మాటలు లేని చోటల్లా చెవిలో కథ చెబుతూ కూర్చున్నాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి తిట్టారు. ఇంటర్వెల్లో లేచి వచ్చేశారు. హాలునే ఇంటికి తెస్తానని సుదర్శనం అప్పుడే అనుకున్నాడు.

అన్నంత పనీ చేశాడు. తిరుపతిలో, చిత్తూరులో సీడీలు అద్దెకిచ్చే షాపులు ఒకటొకటే మూతపడుతుంటే వాటి ముందు గోనెసంచితో నిలబడ్డవాడు అతనొక్కడే. లోకమంతా ఫోన్లలో సినిమా చూడటం మొదలుపెట్టాక ఇతను బస్సుల్లో డిస్కులు మోసుకొచ్చాడు. పట్టుచీరలు ఉండాల్సిన బీరువాలో ఇప్పుడు పన్నెండు వందల సినిమాలున్నాయి. వాటి అసలు పేర్లతో అక్కకు పనిలేదు. ఆమె పేర్లు ఆమెకున్నాయి. గిలక బావి సినిమా, రెండు రైళ్ళ సినిమా, గాజులు పగిలే సినిమా, మెట్ల సినిమా. సుదర్శనం అట్టల మీద ఆ పేర్లే రాసిపెట్టాడు. కొత్తవాళ్ళెవరైనా బీరువా తెరిస్తే బుర్ర గోక్కోవాల్సిందే.

ఆ తరువాత స్పీకర్లు కొన్నాడు. ముందు మూడు, వెనక రెండు, మూలన దడదడలాడే పెద్దపెట్టె ఒకటి. కొండ మీద అతనికి తెలిసిన శబ్దానికి కుడీ ఎడమా లేవు. ఒకే గొంతు అన్ని హారన్లలో ఒకేలా పలకాలి, అంతే. ఈ పెట్టెలకు మాత్రం కుడివి వేరు, ఎడమవి వేరు అని కాగితంలో ఉంది. సుదర్శనం పెద్దగా ఆలోచించలేదు. వాళ్ళ నాయన గుడిలో గొడుగు పట్టినవాడు. వాళ్ళింట్లో కుడి అంటే స్వామికి కుడి. శ్రీదేవి కుడిపక్క, భూదేవి ఎడమపక్క అంటే ఆ లెక్క స్వామిది, ఎదురుగా నిలబడి దండం పెట్టుకునేవాడిది కాదు. అదే లెక్కన టీవీకి కుడివైపున్న పెట్టెల మీద కాగితం ముక్క అంటించి 'శ్రీ' అని రాశాడు, ఎడమవైపు వాటి మీద 'భూ' అని రాశాడు. చూసేవాడి కుడి వేరే ఉంటుందని అతనికి తట్టనే లేదు. దాంతో సినిమాలో కుడి నుంచి రావలసిన మనిషి ఎడమ నుంచి వచ్చాడు, ఎడమన మొరగాల్సిన కుక్క కుడిన మొరిగింది. పదకొండేళ్ళు అలాగే ఆడింది.

నిన్నటిదాకా. పాత ఆంప్లిఫయరు మాడిపోతే కొత్తది బిగించడానికి నిన్న ఏర్పేడు నుంచి సునీల్‌కుమార్ వచ్చాడు. పనిమంతుడు. ప్రార్థన పాట ఏదో సన్నగా పాడుకుంటూ వైర్లు పీకినవాడు, పెట్టెల మీద కాగితాలు చూసి ఆగాడు.

"శ్రీ అంటే ఏంది సార్, కంపెనీ పేరా?"

"కుడి అప్పా."

"ఎవురికి కుడి?"

"టీవీకి."

సునీల్‌కుమార్ స్క్రూడ్రైవరు కిందపెట్టాడు. నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. "టీవీ సినిమా సూడదు సార్. సూసేది మనం. మన కుడికి రావాల. మీరు మొత్తం తిరగేసినారే!"

సుదర్శనం నోరు తెరిచేలోగా సునీల్‌కుమార్ నాలుగు వైర్లూ మార్చేసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. లోపలి గదిలో ఉన్న అక్క ఇదేమీ వినలేదని సుదర్శనం అనుకున్నాడు. కొత్త డబ్బా ఎలా పలుకుతుందో చూద్దాం రమ్మని పిలిచి, ఆమెకు అన్నింటికన్నా ఇష్టమైన మెట్ల సినిమా పెట్టాడు. అక్క పది నిమిషాలు కూర్చుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఎవురిల్లురా ఇది?"

"మెట్ల సినిమానే అక్కా."

ఆమె మరి కాసేపు విని, "ఇంక చాల్లేరా సినిమాలు. వయసైపోయినాది" అని లేచి, గోడ తడుముకుంటూ లోపలికి పోయింది. ఆ ఇంట్లో ఆమె గోడ పట్టుకోవడం మానేసి పదిహేనేళ్ళయింది.

ఇప్పుడేం చెయ్యాలి? వైర్లు ఉన్నట్టే ఉంచితే శనివారాలు పోతాయి. మునుపటిలా తిప్పేస్తే, తప్పని తెలిసీ తప్పు చూపించినట్టు. పోనీ నిజం చెబుదామా అంటే, కళ్ళు లేని మనిషికి నేను పదకొండేళ్ళు చూపించిన ఇళ్ళూ వీధులూ అన్నీ తిరగబడినవే అని ఏ నోటితో చెప్పడం?

తొమ్మిది గంటలప్పుడు మైకు గది కౌంటరు ముందు ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. ఆడవాళ్ళ చేతిసంచి ఒకటి గుండెలకు హత్తుకుని ఉన్నాడు. పేరు సుబ్బన్న, తప్పిపోయింది భార్య. ప్రకటనలు చదివే అమ్మాయి వేదశ్రీ మైకు ముందుకు వంగి, నాయుడుపేట నుంచి వచ్చిన గంగులమ్మగారూ, మీ భర్త మీ కోసం సమాచార కేంద్రం దగ్గర వేచి ఉన్నారు అని తెలుగులో, అరవంలో, హిందీలో చదివింది.

"ఇంకో తూరి చదవాల్నా తాతా?"

"ఎన్ని తూర్లు చదివితే ఏంలే తల్లీ. ఆమెకి చెవుడు."

వేదశ్రీ మైకు ఆపేసి సుదర్శనం వైపు చూసింది. "మరి ఎందుకు చదివించినావు తాతా?"

"పక్కనోళ్ళు వింటారు గదమ్మా. సంచి లేని ముసిల్ది యాడన్నా దిక్కులు సూస్తా ఉంటే, నువ్వేనా గంగులమ్మా అని అడగరా?"

అలాగే జరిగింది. అరగంటలో ఎవరో అరవామె గంగులమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సుబ్బన్న ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె అన్నింటికీ తలూపి, "నేను తిన్నాలే, నువ్వు తిను పో" అంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని సుదర్శనం ఉండబట్టలేక అడిగాడు.

"ఇంట్లో ఎట్లా నెగ్గుకొస్తా ఉండారు పెద్దాయనా?"

"నేను సెప్పేది ఒగటి, ఆమెకి తెలిసేది ఒగటి. ముప్పై ఏండ్లు అయిపోయినాది. బాగానే ఉండాము సామీ."

ఒంటిగంటకు డ్యూటీ దిగి, ఘాటు రోడ్డు మలుపుల్లో కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నప్పుడు సుదర్శనానికి ఒక దారి దొరికింది. వైర్లు మునుపటిలాగే పెట్టేస్తాడు. ఎవరికీ చెప్పడు. అక్కకు ఆమె మెట్లు ఆమెకు దొరుకుతాయి. సుబ్బన్న ముప్పై ఏళ్ళు అలా బతికాడు, తాను బతకలేడా?

గోవిందరాజస్వామి గుడి వెనక సందులో రెండు గదుల వాటా వాళ్ళది. అక్క మిరియాల చారు పెట్టి, అప్పడాలు కాల్చి ఉంచింది. పెద్ద పని చేసినట్టు ఆయాసపడుతోంది. పొయ్యి దగ్గర నుంచి పీట దాకా రావడానికి రెండుసార్లు ఆగింది. అన్నం వడ్డిస్తూ ఉద్యోగం సంగతులు అడిగింది, గంగులమ్మ కథ విని నవ్వింది. సినిమా మాట ఎత్తలేదు. సుదర్శనం చెయ్యి కడుక్కుని, ఆమె ఎంగిలి తుడుస్తున్న అదను చూసి, ముందుగదిలోకి పోయి టీవీ వెనక దూరాడు. ఒక వైరు పీకాడు.

"ఏం చేస్తా ఉండావురా?" లోపలి నుంచి గొంతు.

"దుమ్ము తుడస్తా ఉండాను."

"దుమ్ము తుడిస్తే టిక్కుమంటాదా?"

సుదర్శనం వైరు పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ రాదు. అక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గుండ్రటి మొహం, కొబ్బరినూనె రాసి ఎత్తుగా దువ్విన తెల్లజుట్టు, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు కాస్త ఎత్తిపెట్టిన గడ్డం. ఆ గడ్డం ముందు అతను మొత్తం కక్కేశాడు. శ్రీ, భూ కాగితాలు, టీవీకి కుడి, సునీల్‌కుమార్ నవ్వు, అన్నీ.

"పదకొండేండ్లు నీకు తప్పు చూపించినానక్కా."

అక్క కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాడు. ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం అడ్డుపడి, ఆగి, మళ్ళీ నవ్వింది.

"నాకు తెలుసు కదరా."

"ఏం తెలుసు?"

"మొదటి శనివారమే తెలుసు. మెట్ల సినిమా నేను కండ్లతో సూసిందే కదా, హాల్లో, నీ పక్కన కూర్చోని. మెట్లు కుడిపక్క. నువ్వు పెట్టెలు తెచ్చిననాడు ఆ పిల్ల ఎడమపక్క నుంచి దిగొచ్చినాది."

"మరి చెప్పకపోతివే!"

"ఏమని చెప్పేది? ఆ పొద్దు నువ్వు ఇల్లంతా ఎగరతా ఉంటివి. అక్కా ఇను, అక్కా ఇను అని." ఆమె ఊపిరి పీల్చుకుంది. "పుత్తూరు జాతరలో గుడ్డ కట్టి సినిమా ఆడించినారు, నీకు గుర్తుందో లేదో. నాలుగేండ్లోడివి. ముందరపక్క ఇసక రాల్తే కింద పడనంత జనం. చోటు లేక మనం గుడ్డకి అవతలి పక్క పోయి కూర్చున్నాము. ఆడ ఎవురూ లేరు, మనమిద్దరమే. అచ్చరాలు తిరగబడి ఉండాయి. నువ్వు నా ఒళ్ళో కూర్చోని, 'అక్కా, వీళ్ళంతా ఎడమ చేత్తో అన్నం తింటా ఉండారే, వీళ్ళకి చెప్పేదానికి అక్క లేదా' అని అడిగినావు."

సుదర్శనానికి అది గుర్తులేదు. గుర్తుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"ఇన్నేండ్లూ ఆడే కూర్చున్నామనుకున్నాను. గుడ్డకి ఆ పక్క, నువ్వూ నేనూ. నిన్న ఆ పిలగాడు తెచ్చి ముందరపక్క జనంలో కూర్చోబెట్టినాడు. నాకు ఊపిరాడలేదురా సుదర్శనా. నువ్వు పక్కన ఉండావో లేదో కూడా తెలీలేదు."

సుదర్శనం ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేతిలో ఎర్ర వైరు ఒకటి, నల్ల వైరు ఒకటి పట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాడు. అతని జీవితంలో అంత సంతోషం అంతకుముందు లేదు. పోయిందనుకున్నది పోలేదు.

"టైమెంతైనాది?" అంది అక్క.

"మూడుకి పది నిమిషాలు."

"ఐతే ఏడుపు తర్వాత. ముందు మార్సు. పేర్లు పడేది పోతాది."

మార్చాడు. సరిగ్గా మూడింటికి మెట్ల సినిమా మొదలైంది. అక్క పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మాటలు లేని చోటల్లా తన పని తాను చేశాడు. "దీపం పట్టుకోనింది. కిందికి సూస్తా ఉండాది. వాడు తలెత్తలేదు." నిజానికి సుదర్శనం టీవీ చూసేది తక్కువ. అతను చూసేది అక్క తలను. అడుగులు ఎటు పోతే తల అటు వాలుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటే ముఖం అటు విచ్చుకుంటుంది. కుడి నుంచి ఎవరో పిలిస్తే, పలకబోయినట్టు పెదవి కదులుతుంది. ఇన్నేళ్ళ శనివారాల సినిమాలూ అతను ఆ ముఖం మీదే చూశాడు. ఈ పూట ఆ ముఖం తన ఇంట్లో తాను తిరుగుతున్న మనిషి ముఖంలా ఉంది. మధ్యలో ఒకసారి "నీళ్ళు కావాల్నా అక్కా" అంటే, మాట్లాడొద్దని వేలు చూపించింది.

సినిమా ముప్పావు వంతు అయ్యాక ఒక ఘట్టం ఉంది. ఆ ఇంటి కోడలు పెట్టె పట్టుకుని మెట్లు దిగి, హాలు దాటి, ఇల్లు విడిచిపోతుంది. మాటలుండవు, పాట ఉండదు. ఎడమవైపు పైనుంచి అడుగులు మొదలవుతాయి. అక్క తల ఎడమకు వాలింది. అడుగులు ఒకటొకటే కిందికి దిగాయి. హాలు నడుమకు వచ్చాయి. అక్కడ ఒక క్షణం ఆగి, కుడివైపుకు సాగాయి. తలుపు తెరుచుకుంది. తలుపు మూసుకుంది.

అక్క తల ఎడమవైపే ఉండిపోయింది.

సుదర్శనం "అక్కా" అన్నాడు. చేతి మీద చెయ్యి వేశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు. బయట సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు.

సినిమా ఇంకా ఇరవై నిమిషాలుంది. అతను ఆపలేదు. ముక్కాలిపీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని, ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మాటలు లేని చోటు రాగానే చెప్పాడు. "వాన పడతా ఉండాది అక్కా. ఆయన గొడుగు మూసేసినాడు. తడస్తా నిలబడుకోని ఉండాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగింది." ఒక్క చోటు వదల్లేదు. చివర పేర్లన్నీ పడేదాకా ఉండి, టీవీ ఆపి, పక్కవాటా లోకేశ్వరిని పిలవడానికి లేచాడు.

పదమూడో రోజు శుభస్వీకారం అయ్యాక సునీల్‌కుమార్ చూడ్డానికి వచ్చాడు. వెళ్ళేముందు తటపటాయిస్తూ, పెట్టెల వైపు చూసి అడిగాడు.

"మళ్ళీ తిరగేసినారా సార్? సరిజేసి పోదునా?"

"వద్దప్పా. ఆ పక్కే బాగుండాది."

లోపల లోకేశ్వరి అక్క గుడ్డలన్నీ ఉతకడానికి మూట కడుతోంది. చీరలు, దుప్పటి, దిండుగలీబులు. ముందుగదిలోకి వచ్చి అక్క కుర్చీ మీద చెయ్యి వేయబోతే సుదర్శనం లేచి అడ్డం నిలబడ్డాడు. ఆమె మూట తీసుకుని పోయింది. కుర్చీ వీపుకు వేసి ఉన్న తెల్ల తువ్వాలు నడిమధ్య ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. దానికి ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి, అరచెయ్యంత కొబ్బరినూనె మరకలు.